గుడ్డు రేటు: రోజు, నెల, ఏడాది

అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్లఫారాల్లో లెక్కలన్నీ ‘నెక్ రేటు’ మీదే నడుస్తాయి. కోళ్ల పరిశ్రమ ప్రముఖుడు బి.వి.రావు చొరవతో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీనే అందరూ నెక్ అంటారు. ఇది ఉభయ గోదావరి జిల్లాలతో పాటు దేశంలోని వివిధ మార్కెట్లకు రోజూ వంద గుడ్ల చొప్పున ధర ప్రకటిస్తుంది. దాని వెబ్‌సైట్‌లో ఈ ధరలను రెండు రకాలుగా చూడవచ్చు. మొదటి పట్టికలో నెలలోని ఒక్కో తేదీ ధర, చివర సగటు ఉంటాయి. రెండో పట్టికలో ఏడాది పొడవునా నెలవారీ సగటులు ఉంటాయి. షేర్ల యాప్‌లలో రోజు, వారం, నెల, ఏడాది అని కనిపించే బటన్లు చేసే పనీ ఇదే.

బటన్ మార్చినా ఇవాళ్టి ధర మారదు. ఏ పాత ధరతో పోలుస్తున్నామన్నదే మారుతుంది. వంద గుడ్లు ఇవాళ రూ.500, నిన్న రూ.510, నెల కిందట రూ.450, నిరుడు ఇదే రోజున రూ.520 అనుకుందాం. రోజు లెక్కన ధర 2 శాతం తగ్గింది, నెల లెక్కన 11 శాతం పెరిగింది, ఏడాది లెక్కన 4 శాతం తగ్గింది. మూడూ నిజమే. అమ్మకానికి తొందరపడేవాడు మొదటిది చూపిస్తాడు, అప్పు అడిగేవాడు రెండోది చూపిస్తాడు!

గ్రాఫ్‌లో ఇంకో చిక్కుంది. వ్యవధి మారినప్పుడు చాలా యాప్‌లు నిలువు గీత మీది కొలతనూ మార్చేస్తాయి. పది రూపాయల తగ్గుదల రోజు గ్రాఫ్‌లో నిట్టనిలువుగా పడిపోయినట్టుంటుంది, అయిదేళ్ల గ్రాఫ్‌లో కంటికే ఆనదు. అందుకే గీత వాలు కన్నా పక్కనున్న అంకెలను నమ్మాలి. అంకెల్లోనూ ఒక మెలిక ఉంది: నెల మధ్యలో చూస్తే ఆ నెల సగటు గడిచిన రోజులది మాత్రమే. అమ్మకాలు, దాణా ఖర్చు లాంటి మొత్తాలైతే సగం నెల అంకె నిండు నెల పక్కన ఉత్తినే చిన్నదిగా కనిపిస్తుంది.

గుడ్డుకు గిరాకీ కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలంలో, కార్తికంలో తినేవాళ్లు తగ్గుతారు, చలి ముదిరితే ఉత్తరాది నుంచి అడిగేవాళ్లు పెరుగుతారు. కాబట్టి డిసెంబరును మే నెలతో పోల్చడం కన్నా నిరుటి డిసెంబరుతో పోల్చడమే సబబు.

రేపటి లోడు ఎప్పుడు పంపాలో తేల్చుకోవడానికి రోజువారీ ధర చాలు. కొత్త బ్యాచ్ వేయాలంటే మాత్రం అది పనికిరాదు. ఇవాళ వేసిన పిల్ల గుడ్డు పెట్టడానికి దాదాపు అయిదు నెలలు పడుతుంది, ఆ తర్వాత ఏడాదికి పైగా పెడుతుంది. ఆ నిర్ణయానికి కనీసం రెండు మూడేళ్ల నెలవారీ సగటులు చూడాలి.