పిల్లి దగ్గుతోందా? ముందు ఊపిరి లెక్కపెట్టండి

రూమ్‌లో పిల్లిని పెంచుకుంటున్నారా? అది అప్పుడప్పుడూ నేలకు ఒదిగి కూర్చుని, మెడ ముందుకు చాచి, పొట్ట ఎగరేస్తూ ‘ఖ్హ్... ఖ్హ్’ అంటోందా? ‘వెంట్రుకలు మింగింది, కక్కేస్తుందిలే’ అని మీరు లైట్ తీసుకునే ఉంటారు. నేనూ అంతే. రెండు నెలలపాటు మా పిల్లికి హెయిర్‌బాల్ పేస్టు నాకించాను. ఒక్కసారి కూడా వెంట్రుకల ఉండ బయటకు రాలేదు. అదే అసలు క్లూ అని నాకు తట్టలేదు. ఒక రాత్రి అది కదలకుండా కూర్చుని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే భయమేసి ఆసుపత్రికి పరిగెత్తాను. అప్పుడు తెలిసింది, అది ఆస్తమా అని. మనిషికి ఉబ్బసం వస్తే ‘పిల్లికూతలు’ అంటాం కదా. నిజం పిల్లి కూసినప్పుడు మాత్రం గుర్తుపట్టలేకపోయాను!

కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే. ఎండలో తిరిగినా, సంతోషం వచ్చినా రొప్పుతుంది. ఊరికే కూర్చున్న పిల్లి అలా చేస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. చిగుళ్లు గులాబీ రంగు పోయి పాలిపోయినా, నీలంగా మారినా కుక్కకైనా పిల్లికైనా అది ఎమర్జెన్సీనే.

అంతదాకా రాకముందే పసిగట్టడానికి మీ దగ్గర ఓ పరికరం ఉంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్. కుక్కో పిల్లో గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. నిమిషానికి 30 లోపు ఉంటే మామూలే. రోజూ 30 దాటుతుంటే, లేదా మీ దానికి ఎప్పుడూ ఉండే అంకె కంటే పెరుగుతూ పోతుంటే డాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. పిల్లి గురగురలాడుతున్నప్పుడు, కుక్క రొప్పుతున్నప్పుడు తీసిన లెక్క పనికిరాదు. దీనికోసం యాప్‌లు కూడా ఉన్నాయి కానీ, నోట్స్‌లో తేదీ, అంకె రాసుకున్నా చాలు.

ఇంకో పని, వీడియో తీయండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఈ బాధ తెలుసు: మన సిస్టమ్‌లో వచ్చే బగ్ టెస్టర్ ముందు రాదు. దగ్గు కూడా అంతే, క్లినిక్ బల్లమీద బుద్ధిగా మాయమైపోతుంది. ఇంట్లో తీసిన పది సెకన్ల వీడియో చూస్తే అది దగ్గా, వాంతా, తుమ్మా అన్నది డాక్టర్‌కు చాలావరకు అర్థమైపోతుంది. పామరేనియన్ లాంటి బుజ్జి కుక్కలు బాతు అరిచినట్టు దగ్గుతుంటే, శ్వాసగొట్టం మెత్తబడి నొక్కుకుపోతోందేమోనని ముందు అనుమానిస్తారు.

‘దగ్గే కదా, సిరప్ పోద్దాం’ అనుకుంటే ఇక్కడే ప్రమాదం. ఆయాసం ఒకటే అయినా కారణాన్నిబట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే ఆ నీటిని మూత్రంలో బయటకు పంపే ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు పడితే సూదితో తీస్తారు. న్యుమోనియా అయితే యాంటీబయాటిక్స్, ఆక్సిజన్, నెబ్యులైజర్. అందులో దగ్గు ఆపే మందు వేస్తే కఫం లోపలే ఉండిపోతుంది. బలవంతంగా నోట్లో పాలో మందో పోస్తే, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి కొత్తగా న్యుమోనియా తెచ్చిపెట్టొచ్చు. ఇక పారాసిటమాల్. పిల్లికి ఒక్క మాత్ర కూడా ప్రాణాంతకం కావచ్చు. దాని రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా పోతుంది. మన మెడికల్ కిట్‌ను దాని జోలికి తీసుకెళ్లొద్దు, అంతే.

ఆసుపత్రికి వెళ్లగానే ఎక్స్‌రే తీయకుండా పిల్లిని ఆక్సిజన్ పెట్టెలో కూర్చోబెడితే చిరాకు పడకండి. నేను పడ్డాను. ఆయాసపడే పిల్లిని బల్లమీద అదిమిపట్టుకుంటే ఆ కంగారుకే ప్రాణం పోవచ్చట. అందుకే అది కుదుటపడేదాకా ఆగుతారు. ఈలోపు అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఛాతీమీద ఆనించి నీరు ఉందో లేదో నిమిషాల్లో చూసేస్తారు. ఫోన్‌కు తగిలించే ప్రోబ్‌లు కూడా వచ్చేశాయి. తర్వాత తీసిన ఎక్స్‌రేలో మా దాని శ్వాసనాళాల గోడలు మందమై, కొన్నిచోట్ల గారెల్లా గుండ్రంగా, కొన్నిచోట్ల రైలు పట్టాల్లా జంటగీతలుగా కనిపించాయి. ఆస్తమా ఉన్నా ఎక్స్‌రే మామూలుగానే కనిపించే పిల్లులూ ఉంటాయి. ఊపిరితిత్తుల్లో పురుగులున్నా ఇలాగే దగ్గుతాయి కాబట్టి మలపరీక్ష కూడా చేయించారు.

వైద్యం విని నవ్వొచ్చింది: ఇన్‌హేలర్! మనుషులు వాడేదే. ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్‌ను గొట్టంలాంటి స్పేసర్‌కు తగిలించి, దాని మాస్క్‌ను పిల్లి మూతికి ఆనించాలి. ఏడెనిమిది ఊపిరులు తీసుకునేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఇది పూర్తిగా పనిచేయడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి మొదట్లో స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇస్తారు. మాత్రలే ఏళ్లతరబడి వాడితే షుగర్ వచ్చే ముప్పుంది. అందుకే ఇంత కష్టపడి ఇన్‌హేలర్ అలవాటు చేయాలి. మొదటి నాలుగు రోజులూ మందు లేకుండా ఖాళీ మాస్క్‌లో చేపముక్క పెట్టాను. తర్వాత మాస్క్ ఒక్క సెకను ఆనించడం, ఇంకో ముక్క. ‘ఉస్స్’ అనే చప్పుడుకు పారిపోయేది. దాంతో ముందే గొట్టంలోకి నొక్కి, వెంటనే మూతికి పెట్టడం మొదలుపెట్టాను. పన్నెండో రోజుకి కుదిరింది. సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ వేరు, అది ఆయాసం ముంచుకొచ్చినప్పటికి మాత్రమే. ఆస్తమా నయమైపోదు, అదుపులో ఉంటుంది.

రూమ్‌లో మార్పులు కూడా తప్పలేదు. దోమలచుట్ట, అగరుబత్తి, సిగరెట్, దుమ్ము లేచే లిట్టర్... అన్నీ బయటకు. రూమ్మేట్ బాల్కనీకి వలస వెళ్లాడు. దీపావళి మూడు రోజులూ కిటికీలు మూసేశాం.

ఇప్పుడు ఎక్స్‌రే చదివి రిపోర్ట్ ఇచ్చే ఏఐ సాఫ్ట్‌వేర్లూ పశువైద్యంలోకి వచ్చాయి. ఇంజినీర్‌గా నాకు ముచ్చటే కానీ, పిల్లిని ముట్టుకోకుండా, దగ్గు వీడియో చూడకుండా ఇచ్చే రిపోర్ట్‌ను డాక్టర్ పక్కన రెండో కన్నుగానే చూస్తాను. ఆ డాక్టరే మీరు కావాలనుకుంటే దారి బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో కాలేజీలున్నాయి. 15 శాతం అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకుతో భర్తీ అవుతాయి. ఎక్స్‌రేలు, స్కాన్‌లమీద మనసుంటే తర్వాత ఎంవీఎస్సీలో సర్జరీ అండ్ రేడియాలజీ, మందుల వైద్యంవైపు వెళ్లాలనుకుంటే వెటర్నరీ మెడిసిన్ తీసుకోవచ్చు.