బస్తాయే కడుపు

జీర్ణ ఎంజైముల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గురువారం రాత్రికల్లా అందాలి. మనిషి కడుపుతో మొదలుపెడదామనుకున్నాను. నందివాడలో చెరువు గట్టెక్కాక కథ చేప పేగులోకి దారి తీసింది.

ఈ మండలంలో ఒకప్పటి వరి చేలు ఎన్నో ఇప్పుడు చేపల చెరువులు. పొద్దున్నే నూనె తీసిన తవుడు, రైతుల మాటలో డీఓబీ, నింపిన ప్లాస్టిక్ బస్తాలను పడవలో వేసుకెళ్లి, నీళ్లలో పాతిన వెదురు గెడలకు కడతారు. బస్తాకు అడుగున చిల్లులుంటాయి. శీలావతి, బొచ్చె వచ్చి ఆ చిల్లులకు మూతి ఆనించి కొంచెం కొంచెంగా లాక్కుంటాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆంధ్ర చేపల మేత మీద 2013లో వెలువరించిన నివేదికలో ఈ బస్తాల పద్ధతిని వివరంగా చెప్పింది. చదువుతున్నంతసేపూ నా కళ్లు ఆ చిల్లుల దగ్గరే ఆగిపోయాయి. ఎందుకంటే శీలావతికి ఆమాశయం లేదు.

పొట్ట కోసి చూడండి, చుట్టలు చుట్టుకున్న బారు పేగే కనిపిస్తుంది. మొదట్లో కాస్త ఉబ్బుగా ఉంటుంది గానీ అక్కడ ఆమ్లం ఊరదు, పెప్సిన్ ఉండదు. దవడకు పళ్లు లేవు, ఉన్నవి గొంతులో. క్లోమం మనకున్నట్టు విడిగా ఒక ముద్దగా కాకుండా కాలేయంలోనూ పేగు వెంటా చెదిరి ఉంటుంది. దాన్నుంచి వచ్చే ట్రిప్సిన్ మాంసకృత్తులను తుంచుతుంది, అమైలేజ్ తవుడులోని పిండిని చక్కెరగా విడగొడుతుంది, లైపేజ్ కొవ్వు సంగతి చూస్తుంది.

మన అన్నం ముద్దకు ఇంకో మజిలీ ఉంది. బాగా నమిలితే నోట్లోనే తీపి తగులుతుంది. అది లాలాజలంలోని అమైలేజ్ పని. కడుపులో పెప్సిన్ అందుకుంటుంది, మిగిలిన పనంతా చిన్నపేగులో. అయినా ఆమాశయానికి అరుగుదల కంటే పెద్ద బాధ్యత తిన్నదాన్ని దాచి, కొద్దికొద్దిగా కిందికి వదలడం. అందుకే ఆపరేషన్‌లో కడుపు తీసేసినవారిని కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినమంటారు డాక్టర్లు. ఆమాశయం లేని చేపకూ అదే తిండి వరస. చిల్లుల బస్తా ఆ దాచే పనీ, వదిలే పనీ బయటినుంచి చేసిపెడుతోంది. ఈ లెక్క చూసే బస్తా కట్టారని నేననను. కానీ చేపను చూసి చూసి కుదుర్చుకున్న పద్ధతి ఇది, నాకు దాని మీద గొప్ప గౌరవం.

ఈ ఎంజైముల చరిత్ర క్లుప్తంగా: 1833లో రసాయన శాస్త్రవేత్తలు పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ నుంచి డయాస్టేజ్, అంటే ఇప్పటి మాటలో అమైలేజ్, తీశారు. 1836లో ష్వాన్ పెప్సిన్‌ను గుర్తించాడు. ఎంజైము అన్న పేరు పెట్టింది క్యూనే, 1870లలో.

నాకు అనుమానమున్నది మేతలో కలిపే ఎంజైము పొడుల మీద. తవుడులోని భాస్వరంలో చాలాభాగం ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. దాన్ని విడిపించే ఫైటేజ్ చేపకు తగినంత లేదు, అందుకే భాస్వరం మలంతో బయటికిపోయి చెరువును పచ్చబరుస్తుంది. పొడిలో ఫైటేజ్ ఉంటే మేలే. అయితే వాడుకలో ఉన్న ఫైటేజులు చాలావరకు పులుపులో చురుగ్గా పనిచేసేవి. కోడి కడుపులో ఆ పులుపు ఉంది, శీలావతి పేగులో లేదు. పరిశోధకులు మేతను ముందే ఎంజైముతో నానబెట్టి పెట్టి చూసింది ఇందుకే. పొడి కొనే రైతు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది పులుపు లేని పేగులో పనిచేస్తుందా?

భీమవరం కొలత

ఫైటేజ్ పనితనం తెలియాలంటే అది విడిపించిన భాస్వరాన్ని కొలవాలి. అలాంటి కొలతకు ప్రయోగశాలలు దశాబ్దాలుగా వాడుతూ వచ్చిన పద్ధతుల్లో ఒకటి 1925లో హార్వర్డ్ నుంచి వచ్చింది. దాని పేరు ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి. ఆ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొల్లేటికి ఈ పక్కన నందివాడ, ఆ పక్కన ఆయన ఊరు.