ఇంటి సామాను మగ్గము దగ్గర

సోదర నేత పనివారలారా,

మన ఇండ్లలో మగ్గము ఒక మూల, పొయ్యి మరియొక మూల ఉండును. కొన్ని ఇండ్లలో ఆ రెండింటి నడుమ గోడ కూడ ఉండదు. అందుచేత ఇంటి సామాను మగ్గము దగ్గరకు వచ్చుట మనకు క్రొత్త కాదు. డబ్బు పెట్టి కొనవలసిన పనిముట్టుకు బదులు ఇంట నున్న వస్తువును వాడుకొనుట మంచిదే. అయితే వాడుకొనుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: అసలు పనిముట్టు అచ్చట ఏమి పని చేయుచున్నది? అది తెలిసినచో ఏ వస్తువు పనికివచ్చునో, ఏది హాని చేయునో తానే తెలియును.

మొదట సైకిలు చక్రము సంగతి. కండెలు చుట్టు రాట్నములో పెద్ద చక్రము ఒకసారి తిరిగినప్పుడు చిన్న కదురు అనేక పర్యాయములు తిరుగవలెను. చక్రము అడ్డుకొలత 24 అంగుళములు, కదురు గిలక అడ్డుకొలత 1 అంగుళము అయినచో, చేతితో ఒక చుట్టు త్రిప్పినంతలో కదురు సుమారు 24 చుట్లు తిరుగును. టైరు తీసిన పాత సైకిలు చక్రము ఈ పనికి చక్కగా సరిపోవును. దాని గాడిలో త్రాడు జారిపోకుండ నిలుచును. చక్రము వంకర లేకుండ చూచుకొనవలెను. వంకర యున్నచో త్రాడు ఒకచోట బిగిసి, ఒకచోట వదులై, కండె ఎగుడుదిగుడుగా వచ్చును.

రెండవది గాజు. దారము ఒరసికొనుచు పోవు చోట నున్నని వస్తువు కావలెను. చేతి గాజు నున్నగా నుండును గనుక దారమునకు దారి చూపుటకు పనికివచ్చును. గాజుకు చిన్న పెచ్చు ఊడియున్నను అది కత్తియై దారమును కోయును. వ్రేలి గోటితో చుట్టును తడిమి చూచి కట్టవలెను.

మూడవది గోనె సంచి. మా కోఠారి చంద్రపూర్ జిల్లాలోనిది. ఇచ్చట వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఆ వడగాలిలో పడుగు పోగులు ఊరక తెగుచుండును. పత్తి నూలుకు పొడిగా నున్నప్పటి కంటె తేమగా నున్నప్పుడు బలము ఎక్కువ. గుంట మగ్గములో నేల చెమ్మ పడుగుకు అందుట ఒక మేలు. ఎండకాలములో గుంట గోడలపై నీరు చిలికి, కిటికీకి తడి గోనె సంచి వ్రేలాడగట్టినచో తెగుళ్లు తగ్గును. గదిలోని గాలికి తేమ కావలెను గాని, పడుగుపైన నేరుగా నీరు చల్లరాదు. చల్లినచో గంజి కరగి పోగులు నూగెక్కును.

ఇక గంజి. పోగుపై లేచిన నూగును అణచి, అచ్చులో రాపిడికి ఓర్చునట్లు చేయుటయే గంజి పని. అన్నము వార్చిన గంజి ఇందుకు చాలును. అందు కొద్దిగా కొబ్బరినూనె కలిపినచో పోగు పెళుసెక్కదు. వానకాలములో మాత్రము రాత్రి మిగిలిన పులిసిన గంజి వాడరాదు. పడుగు బాగుగా ఆరకమునుపే చుట్టి పెట్టరాదు. బూజు పట్టి గుడ్డపై మచ్చలు పడును. మచ్చపడిన చీరకు సంఘము పూర్తి మజూరి ఇచ్చుట కష్టము.

రంగు పనిలోను వంటింటి వస్తువులున్నవి. కలంకారీ పనివారు తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి నలుపు తయారుచేయుదురు. పులుపు ఇనుమును కరగించును. కరక్కాయ వగరు పట్టిన గుడ్డపై అది పడగానే నల్లబడును. ఇందు కొలత ముఖ్యము. ఇనుము మితిమీరినచో కాలక్రమమున గుడ్డ చివుకును.

ఇంతవరకు ఇంటి నుండి మగ్గమునకు వచ్చిన వస్తువులను గురించి వ్రాసితిని. మగ్గము నుండి తిరిగి ఇంటిలోనికి పోయిన ఒక గ్లాసును గురించి కూడ వ్రాయవలసియున్నది.

సుమారు ఇరువది ఏండ్ల క్రిందట, వానకాలములో, గంజికి బూజు పట్టకుండ మైలతుత్తము కలుపుటకై వంటింటి గ్లాసు తెచ్చి అందులో కరగించితిని. పని ముగిసిన తరువాత గ్లాసును తిన్నెపై పెట్టి మరచితిని. అడుగున కొంత నీరు మిగిలియుండెను. మా చెల్లెలు చీకటిలో దానిపైననే మంచినీళ్లు పోసికొని త్రాగినది. కొద్దిసేపటికే నీలిపచ్చని వాంతులు. ఆ రాత్రియే బల్లార్‌పూర్ తీసికొనిపోయితిమి. బ్రతికినది గాని, తేరుకొనుటకు చాల రోజులు పట్టెను. తప్పు నాదే. గ్లాసు ఏ పనికి పోయినదో నాకు తెలియును. ఇంటిలో మరెవ్వరికిని తెలియదు.

కావున సభ్యులందరు ఈ నియమములు పాటింప కోరుచున్నాను. రంగుకు, మందుకు వాడిన పాత్ర ఎంత తోమినను వంటింటికి తిరిగి పోరాదు. దానికి ఎర్ర రంగు గుర్తు పెట్టి మగ్గము దగ్గరనే ఉంచవలెను. త్రాగుడు సీసాలలో రంగునీళ్లు పోయరాదు. మందు పొట్లములు పిల్లలకు అందని ఎత్తున తాళము వేసి యుంచవలెను. ఎవరైనను పొరపాటున త్రాగినచో, ఉప్పునీరు పట్టి వాంతి చేయింపక, ఆ పొట్లముతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మీ ఇండ్లలో ఇట్టి ఉపాయములు ఇంకను ఎన్నో యుండును. వచ్చు నెల సమావేశమునకు వచ్చునప్పుడు, వీలైనచో ఆ వస్తువును చేతబట్టుకొని రండు. అందరము చూచి నేర్చుకొందము.

ఇట్లు,
కార్యదర్శి, కోఠారి