తోలుబొమ్మలాట ఎవరి కొఱకు?

గోదావరీనది ధవళేశ్వరము వఱకు ఒక్కటిగా వచ్చి, ఆ పిమ్మట గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా చీలి సముద్రమునకు సాగిపోవును. ఆ చోటనే 1847వ సంవత్సరమున ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట పని నారంభించెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. ఆనకట్టకును తోలుబొమ్మలకును సంబంధమేమని మీరడుగవచ్చును. కొంత కలదు. అంతకుముందు వరదలకును కఱవులకును నడుమ నలిగిన ఈ సీమలో కాలువలు పాఱి, వరి విరివిగా పండసాగెను. పంట యింటికి చేరిన వెనుక రైతునకు కొన్నాళ్ళ తీరికయు, గాదెలో నాలుగు గింజలును మిగిలెను. తీరికయు గింజలును ఉన్నచోటికి ఆటగాండ్రు తప్పక వత్తురు. సంక్రాంతి వెళ్ళినది మొదలు ఎండలు ముదురువఱకు డెల్టా గ్రామములలో హరికథలు, వీథినాటకములు, తోలుబొమ్మలాటలు సాగుచుండెడివి. ధవళేశ్వరమునకు తూర్పున, కాకినాడ సామర్లకోటల నడుమనున్న మాధవపట్నము తోలుబొమ్మలాట కుటుంబములకు నెలవైన యూరు.

నేటి బాలబాలికలలో పలువురు ఈ యాటను ఏ పాఠశాల యుత్సవమందో, ఏ ప్రదర్శనశాలయందో చూచియుందురు. అది అరగంటలో ముగియును. హనుమంతుడు సముద్రమును దాటును, తోకకు నిప్పంటుకొనును, లంక కాలును. పిల్లలు చప్పట్లు చఱతురు. పెద్దలు వెనుక నిలిచి గడియారము చూచుకొందురు. ఈ దృశ్యమును గన్నవారు, బొమ్మలాట పిల్లల వేడుక యనియు, పెద్దలకు దానిపై మక్కువ తీఱిపోయినదనియు తలంతురు. ఆ తలంపు ఎంతవఱకు సరియైనదో తెలిసికొనవలెనన్న, ముందుగా ఆ యాట యెట్టిదో తెలియవలెను.

బొమ్మకు వలసిన తోలు సాధారణముగా మేకతోలు. పూర్వము రాముడు మొదలగు పూజ్యపాత్రలకు జింకతోలు వాడెడివారు. వన్యమృగ సంరక్షణకై 1972లో చట్టము వచ్చిన పిదప దానిని తలపెట్టుటకు వీలులేదు. పచ్చితోలును నీటిలో నానబెట్టి, వెండ్రుకలను గీకివైచి, ముడుతలు లేకుండ బిగించి ఆరబెట్టుదురు. అప్పుడది వెలుగును తనలోనుండి పోనిచ్చునంత పలుచనై, నూనెకాగితము వలె నుండును. దానిపై ఆకారమును గీసి, కత్తిరించి, ఉలితో సన్నని రంధ్రములు తొలుతురు. కిరీటములోని రత్నములు, హారములు, వస్త్రపు అంచులు అన్నియు ఆ రంధ్రములే. దీపపు వెలుగు వానిగుండ వచ్చినప్పుడు నగలు మెఱసినట్లు తోచును. రంగులు రెండు ప్రక్కలను పూయుదురు. ఆంధ్రదేశపు బొమ్మలు మిక్కిలి పెద్దవి. పలుబొమ్మలు నాలుగైదడుగుల యెత్తుండును. పది తలల రావణునకు ఒక తోలు చాలనే చాలదు.

భుజము, మోచేయి, మోకాలు మొదలగు కీళ్ళకడ ముక్కలను దారముతో వదులుగా ముడివైతురు. నడుమ నిలువుగా ఒక వెదురుబద్ద, చేతులకు వేఱుగా సన్నని పుల్లలు ఉండును. ఆడించువాడు ఈ పుల్లలను పట్టి, బొమ్మను తెల్లని తెరకు వెనుకనుండి ఆనించును. తెరకు అంటియున్నంతసేపు బొమ్మ నిండురంగులతో స్పష్టముగా కనబడును. కొంచెము వెనుకకు లాగినచో మసకబాఱును. మఱింత లాగినచో పెరిగి పెరిగి నీడయై కరగిపోవును. మాయలేడి మాయమగుటయు, హనుమంతుడు పెరుగుటయు ఈ యుపాయము చేతనే. ఆడనక్కఱలేని బొమ్మలను తెరకే ముళ్ళతో గ్రుచ్చి నిలిపి, మాటాడు బొమ్మను మాత్రము చేతబట్టుదురు.

దీపమును గుఱించి ఒక మాట చెప్పవలెను. పూర్వము తెరవెనుక ఆముదపు దీపములు వెలుగుచుండెడివి. తరువాత పెట్రోమాక్సు దీపము వచ్చెను, అటుపిమ్మట విద్యుద్దీపము. వెలుగు హెచ్చెను గాని, ఒకటి తగ్గెను. నూనెదీపపు మంట గాలికి కదలుచుండుటచే, కదలక నిలిచిన బొమ్మ సైతము ఊపిరి పీల్చుచున్నట్లు కనబడెడిది. విద్యుద్దీపము కదలదు. నా దృష్టిలో ఇది చిన్న నష్టము కాదు.

ఇక ఆట. రాత్రి భోజనములైన పిదప తెరగట్టి, వినాయకుని, సరస్వతిని తెరపై నిలిపి స్తుతించి ఆరంభింతురు. తెల్లవారుజామునకు గాని మంగళహారతి పాడరు. మద్దెల, హార్మోనియము, తాళములు, గజ్జెలు ప్రక్కవాద్యములు. యుద్ధఘట్టము వచ్చినప్పుడు ఆడించువారు కాళ్ళక్రింద చెక్కపలకలు వైచుకొని త్రొక్కుదురు. ఆ దడదడలకు చివరివరుసలో కునికిపాట్లు పడువారును ఉలికిపడి లేతురు. కుటుంబములోని స్త్రీపురుషులందఱును ఆటకు వలసినవారే. సీత, మండోదరి మొదలగు పాత్రల గొంతులు స్త్రీలవి. ఇందొక విశేషము కలదు. ఆంధ్రదేశపు తోలుబొమ్మల కుటుంబములలో పెక్కింటి ఇంటిమాట మరాఠీ. ఇంటిలో మరాఠీ మాటాడుచు, తెరవెనుక తెలుగు పద్యములను తప్పులేక చదువు ఈ కళాకారులు మన భాషకు చేసిన సేవను మనము తగినంతగా గుర్తింపలేదు.

ఈ కళ నిన్న మొన్నటిది కాదు. పదుమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో శివరాత్రికి శ్రీశైలమున జరుగు వేడుకలను వర్ణించుచు బొమ్మలాటలను పేర్కొనెను. ఆ శతాబ్దమునందే పుట్టిన రంగనాథ రామాయణము ద్విపదలో నుండుటచే పాడుటకు అనువై, తోలుబొమ్మలవారికి ముఖ్యాధారమయ్యెను. ఆటగాడు ద్విపదను పాడి, దాని యర్థమును వచనములో విప్పి, మధ్య మధ్య తన మాటలను చేర్చును. లక్ష్మణమూర్ఛ, మైరావణచరిత్ర, కీచకవధ, పద్మవ్యూహము మొదలగునవి ప్రసిద్ధమైన ఘట్టములు. విరాటపర్వమును ఆడించినచో వానలు కురియునని గ్రామీణుల నమ్మకము.

ఇప్పుడు ఆలోచింపుడు. ఎనిమిదేండ్ల బాలుడు అర్ధరాత్రివఱకు మేలుకొని యుండగలడా? రావణసభలో అంగదుని రాయబారము వచ్చుసరికి వాడు తల్లి యొడిలో నిద్రించుచుండును. ఆ రాయబారమందు వాదమునకు ప్రతివాదము, ఎత్తిపొడుపునకు ఎదురుపొడుపు గడియల తరబడి సాగును. దానిని విని ఆనందింప వలసినవారు పెద్దలే. కథ యెఱుగనివాడు ఆ జనములో ఒక్కడును ఉండడు. అంగదుడు వచ్చుననియు, రావణుడు వినడనియు అందఱకు తెలియును. ఈ యేడు అంగదుడేమనును, పోయిన యేడు వచ్చిన మేళము కంటె వీరు మిన్నగా చదువుదురా, ఆ పద్యమును ఏ రాగమున ఎత్తుకొందురు, ఇవియే వారి కుతూహలములు. తెలిసిన కథను మఱల మఱల చూచుట విసుగు పుట్టించునని మనమనుకొందుము. నిజమునకు, తెలిసిన కథయందే ఆటగాని నేర్పు తేటపడును.

పెద్దలను మేలుకొలిపి యుంచిన మఱియొక శక్తి బంగారక్క. ఈమె భర్త జుట్టుపోలిగాడు. పేరే చెప్పుచున్నట్లు వాని జుట్టే వాని గుర్తు. ఆలుమగల తగవులో కేతిగాడు దూఱి దానిని పెంచును. వీరు రామాయణములో లేరు, భారతములో లేరు. ఏ కథ యాడినను అందులో చొచ్చుకొని వత్తురు. లంకలో యుద్ధము మంచి పట్టులో నుండగా తెరపై వీరు ప్రత్యక్షమై, ఆ యూరి విషయములు మాటాడ నారంభింతురు. శ్రీరామునిచేత ఆటగాడు శాస్త్రవిరుద్ధమైన మాట ఒక్కటి పలికింపలేడు. కేతిగానిచేత ఏదైన పలికింపవచ్చును. వడ్డీవ్యాపారి లోభము, అధికారి దర్పము, అత్తాకోడండ్ర పోరు, అన్నియు వాని నోటబడి నవ్వులపాలగును. ఎదుట కూర్చున్న పెద్దమనిషి తన్నే యనుచున్నారని గ్రహించియు, తోలుబొమ్మపై కోపగించుకొన్నచో మఱింత నవ్వులపాలగుదునని ఊరకుండును. పిల్లలు నిద్రించిన పిమ్మట పలుకదగిన మాటలు కొన్ని వీరి సంభాషణలో నుండెడివని కూడ ఒప్పుకొనవలెను. నేటికిని హాస్యపుచేష్టలు చేయువానిని మనము కేతిగాడనియే పిలుతుము.

ఇట్టి యాటకు పెద్దలు దూరమైరా? చలనచిత్రము వచ్చి బొమ్మలాటను మ్రింగెనని పలువురు చెప్పుదురు. తెలుగున తొలి మాటాడు చిత్రము భక్తప్రహ్లాద 1932లో విడుదలయ్యెను. ధవళేశ్వరమునకు అతి సమీపమున, రాజమహేంద్రవరములో, 1936లో దుర్గా సినీటోన్ అను చిత్రనిర్మాణశాల వెలసెను. బొమ్మ కంటె మనిషి నీడ ఎక్కువ వింతగా తోచినమాట నిజమే. కాని పెద్దలకు పురాణకథపై విసుగు పుట్టెననుట సరికాదు. 1987, 1988 సంవత్సరములలో దూరదర్శన్ రామాయణమును ఆదివారములందు హిందీలో ప్రసారము చేయగా, హిందీ రాని తెలుగువారు సైతము, తల నెఱసినవారితో సహా, వారము వారము టెలివిజను ముందు గుమిగూడిరి. కథ తెలిసినదే, భాష తెలియనిది, అయినను చూచిరి.

మన కథలనే ఆడు మఱియొక దేశమును చూచినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. ఇండొనీషియాలోని జావా ద్వీపమున వాయాంగ్ కులిత్ అను తోలుబొమ్మలాట కలదు. అక్కడి బొమ్మలు ఎనుబోతు తోలువి. దలాంగ్ అను ఒక్క కళాకారుడే రాత్రియంతయు కూర్చుండి బొమ్మలన్నింటిని ఆడించును, అన్ని గొంతులను పలుకును, వాద్యగాండ్రను నడపును. భారతరామాయణములే వారికిని ముఖ్యమైన కథలు. నడిరేయి దాటుచుండగా సెమార్ అను ముసలి విదూషకుడు తన కుమారులతో తెరపైకి వచ్చి, ఊరి సంగతులు, దేశపు సంగతులు ఎత్తి నవ్వించును. మన కేతిగానికి వీరు దూరపు చుట్టములని తోచకమానదు. 2003లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వపు మేటి కళలలో నొకటిగా ప్రకటించెను. జావాలో చలనచిత్రము లేక కాదు, టెలివిజను లేక కాదు. పెండ్లికిని పండుగకును రాత్రియంతయు ఆడించు అలవాటు అక్కడ ఇంకను నిలిచియున్నది. అందుచేత దాని కొఱకు మేలుకొనియుండు పెద్దలును ఉన్నారు.

కేరళలోని తోల్పావకూత్తు ఇందుకు భిన్నము. అక్కడ భద్రకాళీ దేవాలయముల యెదుట ఆటకై కట్టిన మందిరములో, వరుసగా వెలిగించిన ఇరువదియొక్క దీపముల వెలుగున, కంబరామాయణమును రాత్రుల తరబడి ఆడుదురు. చూచు మనుష్యుడొక్కడును లేకున్నను ఆట ఆగదు. చూచునది దేవి యని వారి విశ్వాసము. ప్రేక్షకులు కరవైనను ఆ కళను దేవాలయము కాపాడుచున్నది. మన తోలుబొమ్మలాటకు అట్టి యాధారము లేదు. దానిని పోషించినది ఊరు. ఊరివారు తలకొంత వేసికొని మేళమును పిలిచి, భోజనము పెట్టి, ధాన్యమిచ్చి పంపెడివారు.

నేడు పిలుచువారు మాఱిరి. ప్రభుత్వశాఖలు, ఉత్సవసంఘములు, విద్యాలయములు పిలుచుచున్నవి. అవి పిలుచుట మంచిదే. లేనిచో ఈ కుటుంబములకు ఆ మాత్రపు ఆటయు దొఱకదు. కాని అవి ఇచ్చు వ్యవధి అరగంట, ఎక్కువైన గంట. ఆ వ్యవధిలో అంగదుని వాదమునకు చోటులేదు, బంగారక్కకు చోటులేదు, మిగులునది హనుమంతుని తోకయే. దానిని చూచి పెద్దలు ఇది పిల్లల యాట యందురు. పెద్దలు రారు గనుక నిర్వాహకులు ఆటను ఇంకను కుదింతురు. ఈ చుట్టులో పడినది తోలుబొమ్మలాట. నా అభిప్రాయములో పెద్దల మక్కువ చావలేదు. వారు మక్కువపడిన రాత్రి వారికి దొఱకుట లేదు.

ఇందువలన జరుగుచున్న హాని కంటికి కనబడదు. అరగంట ఆట నేర్చుటకు రాత్రియంత సాహిత్యము అక్కఱలేదు. తండ్రికి కంఠస్థమైన ద్విపదలు కొడుకునకు అవసరములేదు గనుక రావు. ఒక గ్రామము ముందుకు వచ్చి, 'మాకు తెల్లవార్లు ఆడుడు' అని రేపు కోరినను, పాడగలవాడు ఉండవలెను గదా!

బొమ్మ చేయు నేర్పు మాత్రము ఇంకను బ్రదికియున్నది. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరము కడనున్న నిమ్మలకుంట గ్రామపు కళాకారులు అదే తోలుతో, అదే రంగులతో దీపపు తొడుగులను, గోడకు వ్రేలాడదీయు చిత్రములను చేసి అమ్ముచు జీవించుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను. తెరవెనుక దీపమునకు ముందాడిన తోలు నేడు దీపమునకే తొడుగైనది. దానిని చూచి చింతించువారు కలరు. కడుపు నిండుటకు అది సాయపడుచున్నప్పుడు తప్పు పట్టుటకు నాకు నోరు రాదు. అయినను దీపపు తొడుగు పద్యము చదువదు.

మీలో ధవళేశ్వరమునకో, డెల్టాలోని మఱే గ్రామమునకో చెందినవారున్నచో, ఇంటిలోగాని వీథిలోగాని డెబ్బదియేండ్లు దాటిన తాతగారినో మామ్మగారినో చేరి, తోలుబొమ్మలాట చూచితిరా యని యడుగుడు. రామునిగుఱించి అడుగకుడు, ఆ కథ మీకును తెలియును. తెర యెక్కడ గట్టిరి, దీపమేమి పెట్టిరి, ఎంత రాత్రివఱకు కూర్చుండిరి, కేతిగాడు ఊరిలో నెవరినేమనెను, బంగారక్క తగవు ఎట్లు తీఱెను, ఇవి యడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు.