ఒక పురుడు సవ్యంగా జరిగి ఉంటే

పాత ఇళ్లల్లో ఇనప్పెట్టె అడుగున ఇప్పటికీ అక్కడక్కడా ఒక రాణీ రూపాయి దొరుకుతుంటుంది. కిరీటం పెట్టుకుని పక్కకు తిరిగిన మొహం, చుట్టూ విక్టోరియా అన్న ఇంగ్లిషు అక్షరాలు. బెజవాడలో మ్యూజియానికి ఒకప్పుడు ఆ పేరే పెట్టారు. విశాఖ పాత ఊళ్లో ఆమె విగ్రహం ఇంకా మండపం కింద నిలబడే ఉంది. నిజానికి ఆ బిళ్ల మీద ఉండాల్సింది వేరే మొహం, వేరే పేరు. షార్లెట్ అని. 1817 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో ఒక పురుడు సవ్యంగా జరిగి ఉంటే విక్టోరియా అన్న మాట మన పెట్టెల దాకా వచ్చేదే కాదు.

అత్తకు మీసాలొస్తే చిన్నమామ అనొచ్చని మనవాళ్లు ఇలాంటి ఊహల్ని ఒక్క సామెతతో కొట్టిపారేస్తారు. యూరప్‌వాళ్లకు మాత్రం ఈ మీసాల లెక్క మహా ఇష్టం. జరిగింది మరోలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహిస్తూ 1931లో లండన్‌లో ఏకంగా ఒక వ్యాస సంకలనమే వచ్చింది. అందులో చర్చిల్ అమెరికా అంతర్యుద్ధాన్ని తిరగరాశాడు. చెస్టర్‌టన్ అయితే స్కాట్లండ్ రాణి మేరీకి ఆస్ట్రియా డాన్ జువాన్‌తో పెళ్లి చేశాడు. రాచపెళ్లిళ్ల మీద అక్కడ అంత మోజు ఉండటంలో వింతేమీ లేదు. ఆ పెళ్లిళ్లు ఒప్పందాలు, కట్నాలు ఊళ్లు. పోర్చుగల్ పిల్ల కేథరిన్‌ను చేసుకుంటూ ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ 1661 ఒప్పందంలో అందుకున్నవాటిలో బొంబాయి ఒకటి. ఏడేళ్లకే ఏడాదికి పది పౌన్ల అద్దెకు దాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు.

ఈ ఆటలో నాకొక లోపం కనిపిస్తుంది. ఆడేవాళ్లంతా పెళ్లిపందిరి వైపే చూస్తారు. కథ మలుపు తిరిగింది మాత్రం చాలాసార్లు పురిటి గదిలో.

క్లేర్‌మాంట్‌లో మూడు రాత్రులు

షార్లెట్ తల్లిదండ్రులది నరకప్రాయమైన కాపురం. తండ్రి జార్జ్ అప్పటికి యువరాజు, తర్వాత నాలుగో జార్జ్. మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ అనే వితంతువును 1785లోనే రహస్యంగా పెళ్లాడాడు. రాజు అనుమతి లేదు కాబట్టి చట్టం ప్రకారం ఆ పెళ్లి చెల్లలేదు. నెత్తిన ఆరు లక్షల పౌన్లు దాటిన అప్పులు. అవి తీరాలంటే పద్ధతి ప్రకారం పెళ్లి చేసుకోవాలన్నారు. బ్రన్స్‌విక్ నుంచి కరోలిన్‌ను తీసుకొస్తే, ఆమెను చూసిన తొలి నిమిషంలోనే పక్కనున్నవాణ్ణి గ్లాసెడు బ్రాందీ తెమ్మన్నాడు. 1795 ఏప్రిల్‌లో పెళ్లి, 1796 జనవరిలో షార్లెట్. ఆ తర్వాత మొగుడూ పెళ్లాలు ఒక కప్పు కింద ఉండటమే గగనమైంది.

పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి డచ్ యువరాజు విలియంతో సంబంధం కుదిర్చారు. మొదట ఊ అంది. ఏడాదిలో కొంతకాలం హాలండ్‌లో ఉండాలనేసరికి, నా దేశం వదిలి రానని 1814లో సంబంధం తెంచేసింది. తండ్రి మండిపడి ఆమె పరివారాన్నంతా మార్చేస్తానన్నాడు. జులైలో ఒక సాయంత్రం షార్లెట్ వార్విక్ హౌస్ మెట్లు దిగి, ఒంటరిగా వీధిలోకి పరుగెత్తి, అద్దె బండి పిలిచి తల్లి ఇంటికి పొమ్మంది. కాబోయే మహారాణి అద్దె బండి ఎక్కడం లండన్ అంతవరకూ చూసి ఎరగదు. తెల్లారేలోపు బుజ్జగించి వెనక్కి పంపించారు గానీ, ఆ విలియం పేరు మళ్లీ ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆమె కోరి చేసుకున్నది లియోపోల్డ్‌ని. శాక్స్-కోబర్గ్ అనే చిన్న జర్మన్ సంస్థానానికి చిన్న కొడుకు. ఆస్తి లేదు, అందం ఉంది, ఒద్దిక ఉంది. 1816 మే 2న పెళ్లి. సర్రే జిల్లాలో క్లేర్‌మాంట్ అనే ఇంట్లో కాపురం. రెండు గర్భాలు నిలవలేదు, మూడోది నిలిచింది.

పురుడు పోసే బాధ్యత సర్ రిచర్డ్ క్రాఫ్ట్‌ది. ఆ కాలపు పద్ధతి ప్రకారం గర్భిణికి తిండి తగ్గించాడు, అప్పుడప్పుడు నెత్తురు తీయించాడు. నవంబర్ 3, సోమవారం సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. మంగళవారం గడిచింది. బుధవారమూ గడుస్తోంది. పట్టకారు వాడటంలో అనుభవమున్న డాక్టర్ సిమ్స్‌ను పిలిపించారు, కానీ షార్లెట్ గదిలోకి పంపలేదు. ప్రకృతి పని ప్రకృతినే చేయనివ్వాలన్నది అప్పటి పెద్ద వైద్యుల మాట. పట్టకారు ముట్టుకోలేదు. యాభై గంటలు. బుధవారం రాత్రి తొమ్మిదింటికి మగబిడ్డ, తొమ్మిది పౌన్ల బరువు. ఏడవలేదు.

తల్లి బాగానే ఉందనుకున్నారు. లియోపోల్డ్ అలసిపోయి వెళ్లి పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక ఆమెకు కడుపులో నొప్పి, ఒళ్లు చల్లబడటం, ఊపిరాడకపోవడం. బ్రాందీ, వైన్ పట్టించారు. భర్తకు స్నేహితుడైన స్టాక్‌మార్ అనే వైద్యుడు గదిలోకి వస్తే, వీళ్లు నాకు మత్తెక్కించారని అతని చెయ్యి పట్టుకుని చెప్పిందట. అతను గది దాటాడో లేదో ఆమె గొంతు గట్టిగా వినబడింది. తిరిగి వచ్చేసరికి ఆఖరి ఘడియలు. గురువారం తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. ఇరవై ఒక్కేళ్లు.

మనవైపు పురుడంటే ఆడదానికి పునర్జన్మ అంటారు. క్లేర్‌మాంట్‌లో ఒక్క రాత్రిలో రెండు తరాల వారసులు పోయారు. లండన్ బట్టల కొట్లలో నల్లగుడ్డ దొరకలేదు. మూడు నెలలు దాటిన కొద్ది రోజులకే, మరో పురుటి దగ్గర ఉండగా క్రాఫ్ట్ తనను తాను కాల్చుకున్నాడు.

పెళ్లిళ్ల పరుగు

ముసలి రాజు మూడో జార్జ్‌కు అప్పటికి పన్నెండుమంది పిల్లలు బతికున్నారు, ఏడుగురు కొడుకులు, అయిదుగురు కూతుళ్లు. చట్టం ఒప్పుకునే మనవలు మాత్రం సున్నా. లేరని కాదు. ఒక్క విలియం యువరాజుకే డొరొతియా జోర్డాన్ అనే నటివల్ల పదిమంది పిల్లలు. కానీ వాళ్లెవరూ గద్దెకు పనికిరారు. దాంతో నడివయసు యువరాజులు పెళ్లికొడుకులయ్యారు. కెంట్ డ్యూక్ ఎడ్వర్డ్ పాతికేళ్లకు పైగా కలిసి బతికిన ఫ్రెంచి స్నేహితురాలిని వదిలేసి, లియోపోల్డ్ అక్క విక్టోయిర్‌ను చేసుకున్నాడు. బిడ్డ ఇంగ్లండ్ గడ్డ మీదే పుట్టాలని నెలలు నిండుతున్న భార్యను జర్మనీ నుంచి గుర్రబ్బండిలో తీసుకొచ్చాడు. ఖర్చు తగ్గుతుందని బండి తనే తోలాడు. 1819 మే 24న కెన్సింగ్టన్‌లో ఆడపిల్ల.

బారసాలలో పేరు పెట్టేటప్పుడు తగవు. తల్లిదండ్రులు అనుకున్న పేర్లలో షార్లెట్ కూడా ఉంది. పెద్దన్న జార్జ్ ఒప్పుకోలేదు. చివరికి రష్యా చక్రవర్తి పేరున అలెగ్జాండ్రినా, తల్లి పేరున విక్టోరియా. ఇంగ్లండ్‌లో అప్పటికి పెద్దగా ఎవరూ పెట్టుకోని పేరు అది. ఆ పిల్లకు పురుడు పోసిన షార్లెట్ ఫాన్ సీబోల్డ్ అనే జర్మన్ వైద్యురాలే మూడు నెలలకు కోబర్గ్ వెళ్లి, విక్టోరియాకు కాబోయే భర్త ఆల్బర్ట్‌కు కూడా పురుడు పోసింది. రాచపెళ్లిని పురిటి గది ముందే రాసిపెట్టినట్టు!

మరి షార్లెట్ బతికి ఉంటే? 1830లో తండ్రి పోగానే ముప్పై నాలుగేళ్ల మహారాణి. బాబాయి విలియం రాజయ్యేవాడు కాదు. విక్టోరియా అసలు పుట్టేదే కాదనేవారు ఒక విషయం మరిచిపోతారు. ఎడ్వర్డ్‌కు విక్టోయిర్ సంబంధం మాట షార్లెట్ బతికుండగానే నడిచింది, నడిపినవాళ్లలో షార్లెట్ కూడా ఉంది. కాబట్టి ఆ పిల్ల పుట్టేదేమో, అప్పుల తండ్రితో ఏదో జర్మన్ ఊళ్లో అద్దింట్లో పెరిగేదేమో. మహారాణికి బీద చెల్లెలు.

ఇదంతా మనకేమిటంటే, పెద్దగా ఏమీ లేదు. క్లేర్‌మాంట్‌లో బిడ్డ చనిపోయి పుట్టిన నవంబర్ 5నే పుణె దగ్గర ఖడ్కీలో కంపెనీ సైన్యం పీష్వా సైన్యాన్ని ఓడించింది. సర్కారు జిల్లాలు, రాయలసీమ అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆ లెక్కలన్నీ కంపెనీ డైరెక్టర్లవి, పార్లమెంటువి. ఇంగ్లండ్ గద్దె మీద ఎవరు కూర్చున్నా శిస్తు చిట్టా ఆగేది కాదు. 1858 ప్రకటన షార్లెట్ పేరున వెలువడేది, బహుశా అవే మాటలతో.

లియోపోల్డ్ విషయంలో మాత్రం ఈ ఊహకు పదునెక్కుతుంది. భార్య పోయి ఖాళీగా ఉన్న అల్లుడు ఆయన. 1830లో బెల్జియం హాలండ్ నుంచి విడిపోతే, ఆ కొత్త దేశానికి 1831లో రాజయ్యాడు. హాలండ్ గద్దెకు వారసుడు షార్లెట్ కాదన్న ఆ విలియమే. ముందు పెళ్లికూతురిని, తర్వాత సగం రాజ్యాన్ని ఒక్క మనిషికే పోగొట్టుకున్నాడు పాపం. లియోపోల్డ్ మళ్లీ పెళ్లాడి కన్న కొడుకు రెండో లియోపోల్డ్. 1885 నుంచి 1908 దాకా కాంగోను దేశం పేరున కాదు, తన సొంత ఆస్తిగా ఏలాడు. రబ్బరు లెక్క తగ్గితే ఊళ్లు తగలబెట్టారు. పేల్చిన ప్రతి తూటాకూ లెక్కగా సైనికులు తెగిన చేతులు చూపించాల్సి వచ్చింది. ఆయన ఒక్కసారి కూడా ఆ దేశంలో కాలు పెట్టలేదు.

వలస దోపిడీ ఎవరో ఒకరు చేసేవారే అనొచ్చు. అది నిజమే. కానీ ఆ కాంగో ఒక మనిషి పట్టుదల వల్ల పుట్టింది. షార్లెట్ బతికుంటే ఆ మనిషి లేడు. లండన్ గద్దె విషయంలో నేను నమ్మని ఊహను ఇక్కడ నమ్ముతాను. అధికారానికి అడ్డూ అదుపూ లేనిచోట ఒక్క పుట్టుక లెక్కలోకి వస్తుంది.

రష్యా యువరాజు అలెక్సీకి నెత్తురు గడ్డకట్టని జబ్బు విక్టోరియా నుంచే వచ్చింది. జర్మనీ కైజర్ రెండో విల్‌హెల్మ్ ఆమె పెద్ద కూతురి కొడుకు. అతనిదీ కష్టమైన కాన్పే, ఎడమ చెయ్యి అప్పుడే చచ్చుబడింది. వీళ్లు లేకపోతే ప్రపంచ యుద్ధమూ లేదు, విప్లవమూ లేదు అనేవాళ్ల దగ్గర నేను ఆగిపోతాను. రష్యాలో రైతు ఆకలికి ఏ రాణి జబ్బూ కారణం కాదు.

లియోపోల్డ్ తన కూతురికి పోయిన మొదటి భార్య పేరే పెట్టుకున్నాడు. ఆ షార్లెట్ ఆస్ట్రియా మాక్సిమిలియన్‌ను చేసుకుని మెక్సికోకు మహారాణిగా వెళ్లింది. 1867లో భర్తను తుపాకులతో కాల్చి చంపారు. మతి తప్పిన ఆమె 1927 దాకా బతికింది.

ఖాళీ ఉయ్యాల

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పోర్చుగల్, కాస్టిల్, అరగాన్ మూడింటికీ వారసుడిగా 1498లో పుట్టిన మిగెల్ తల్లిని పురిట్లోనే పోగొట్టుకుని, రెండేళ్లు నిండకుండానే పోయాడు. ఇంగ్లండ్ రాణి మేరీ స్పెయిన్ ఫిలిప్‌ను చేసుకున్నప్పుడు, వాళ్ల బిడ్డకు ఇంగ్లండ్‌తోపాటు హాలండ్, బెల్జియం ప్రాంతాలూ రావాలని 1554 ఒప్పందంలో రాశారు. 1555 వసంతంలో రాణి హాంప్టన్ కోర్టులో పురిటి గది చేరింది. ఉయ్యాల సిద్ధమైంది. ఏప్రిల్ చివర కొడుకు పుట్టాడన్న పుకారుకు లండన్‌లో గంటలు మోగించారు కూడా. మే, జూన్, జులై గడిచాయి. కడుపులో బిడ్డ లేదు. ఆగస్టులో ఏమీ మాట్లాడకుండా రాణి ఆ గది వదిలి వెళ్లిపోయింది.

చెస్టర్‌టన్ వ్యాసం వచ్చిన 1931లోనే, నవంబర్‌లో, ఫ్రాన్సు సముద్రతీరాన నీస్ నగరంలో ఇంకో పెళ్లి జరిగింది. పెళ్లికొడుకులు మన హైదరాబాద్ నిజాం కొడుకులు. పెద్దవాడు ఆజం జాకు టర్కీ నుంచి వెళ్లగొట్టిన ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్, చిన్నవాడు మొఅజ్జం జాకు అదే వంశంలోని నీలోఫర్. ఖలీఫా పదవీ నిజాం సింహాసనమూ ఒక్క మనవడిలో కలుస్తాయని అప్పుడు చాలామంది లెక్కలేశారు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిపోవడంతో ఆ లెక్క చెల్లకుండా పోయింది.

నీలోఫర్‌కు పిల్లలు పుట్టలేదు. ఆమె దగ్గర పనిచేసే ఒకమ్మాయి సరైన వైద్యం అందక పురిట్లో పోయిందని, ఇంకెవరికీ ఇలా జరగకూడదని నీలోఫర్ పట్టుబట్టడం వల్లే ఆసుపత్రి వచ్చిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. రెడ్‌హిల్స్‌లో ఆ ఆసుపత్రి ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. రాత్రిళ్లు ఎప్పుడు చూసినా గేటు బయట టీ కప్పు పట్టుకుని, లోపలి నుంచి కబురు కోసం ఎదురుచూస్తూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.