పాడే గొడ్డలి

లోహపు పనిముట్లు అందుబాటులో లేని కాలంలో దక్షిణ అమెరికాలోని అనేక జాతులవారు అడవిని నరకడానికి రాతి గొడ్డళ్ళనే ఉపయోగించారు. అయితే ఏనాడూ చెట్టును తాకని గొడ్డళ్ళు కూడా వారి వద్ద ఉండేవి. చిలీ దేశపు మపూచే జాతిలో యుద్ధనాయకుని అధికార చిహ్నం రాతి గొడ్డలియే. దాని పేరు 'తోకి'. దానిని ధరించిన నాయకుడిని కూడా 'తోకి' అనే పిలిచేవారు.

మధ్య బ్రెజిల్‌లో నివసించే జే భాషాకుటుంబపు జాతుల గొడ్డలి మరింత విలక్షణమైనది. దాని రాతిఫలకం అర్ధచంద్రాకారంలో ఉండి ఓడ లంగరును తలపిస్తుంది. రాతిని చెక్కి, మరొక రాతితో పొడిచి రూపం తెచ్చి, ఇసుకతోనూ నీటితోనూ ఓపికగా అరగదీస్తేగాని ఆ వంపు, ఆ నునుపు రావు. పిమ్మట దానిని పొట్టి కర్రపిడికి తాళ్ళతో బిగిస్తారు. ఇంత శ్రమకోర్చి మలచినదానితో కట్టెలు కొట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది?

టొకాంటిన్స్ రాష్ట్రంలో నివసించే క్రాహో జాతివారు ఈ గొడ్డలిని 'కయిరే' అంటారు. వారి గ్రామం వలయాకారంలో ఉంటుంది. చుట్టూ ఇండ్లు, నడుమ మైదానం, ప్రతి ఇంటినుండి ఆ మైదానానికి ఒక బాట. సభలు జరిగేదీ, పాటలు సాగేదీ అక్కడే. గాయకుడు కయిరేను చేతబూని పాడతాడు. పాడేది గొడ్డలియే అని క్రాహోల విశ్వాసం. ఇనుప గొడ్డళ్ళు వచ్చి వాడుకలోని రాతి పనిముట్లు మూలపడినా, కయిరే స్థానం చెక్కుచెదరకపోవడానికి కారణమిదే.

1940లో పశువుల పెంపకందారులు క్రాహో గ్రామాలపై దాడిచేసి 20 మందికి పైగా ప్రజలను చంపారు. ఆ దశాబ్దంలోనే ఒక కయిరే వారి చేయిదాటి, సావో పాలో నగరంలోని పాలిస్తా మ్యూజియానికి చేరింది. 1986లో క్రాహో పెద్దలు కొందరు స్వగ్రామం విడిచి ఆ మహానగరానికి తరలివచ్చి, తమ గొడ్డలిని తమకిమ్మని కోరారు.

సేకరించిన వస్తువును భద్రపరచడం మ్యూజియం ధర్మం. అడిగినవారికల్లా ఇస్తూపోతే అక్కడ మిగిలేదేమిటి? ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. కాని మ్యూజియం కాపాడగలిగినది రాతిని మాత్రమే. దానితో ముడిపడిన పాటలు క్రాహోల కంఠాలలో ఉన్నాయి. చర్చలు నెలల తరబడి సాగాయి. చివరకు ఆ సంవత్సరంలోనే కయిరేను వారికి అప్పగించారు. క్రాహోలు దానిని వెంటబెట్టుకొని తమ గ్రామానికి తిరిగివెళ్ళారు.