తెలుగు పాఠ్య విశ్లేషణలో దోష నిర్ధారణ: చరరాశి విలువల ముద్రణ

పరిచయం

తెలుగు పాఠ్యాలలోని పదాల పౌనఃపున్యాన్ని లెక్కించడానికి పరిశోధకులు పైథాన్ వంటి భాషలలో చిన్న స్క్రిప్టులు రాసుకుంటున్నారు. స్క్రిప్టు మధ్యలో ఆగిపోతే దోషం ఉన్నదని తెలుస్తుంది. ఆగకుండా తప్పు సంఖ్యను ఇస్తే ఆ సంఖ్యే సిద్ధాంత గ్రంథంలోని పట్టికలోకి చేరుతుంది. అటువంటి దోషాన్ని గుర్తించడానికి అతి సరళమైన మార్గం, చరరాశిలోని విలువను దశదశలోనూ ముద్రించి చూడటం. అయితే ఏ రూపంలో ముద్రిస్తున్నామన్నది ముఖ్యం.

సమస్య స్వరూపం

పదపట్టికలో 'రోడ్' అనే మాట రెండు వేర్వేరు పదాలుగా నమోదైనదనుకుందాం. ప్రింట్ ప్రమేయంతో ముద్రిస్తే తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. లెన్ ప్రమేయంతో నిడివిని అడిగితే మాత్రం ఒకదానికి 4, మరొకదానికి 5 వస్తుంది. రెండవదానిలో పొల్లు తరువాత, సంయుక్తాక్షరం ఏర్పడకుండా ఆపే అదృశ్య సంకేతం (యూనికోడ్ 200సి) ఉండటమే ఇందుకు కారణం. కంటికి కనిపించని ఈ సంకేతం పోలికలో లెక్కకు వస్తుంది. ఫలితంగా ఒకే పదపు పౌనఃపున్యం రెండుగా చీలిపోతుంది, భిన్నపదాల సంఖ్య పెరుగుతుంది.

ముద్రణ విధానాలు

ప్రింట్ పాఠకునికి అనువైన రూపాన్ని ఇస్తుంది. రెప్ర్ ప్రమేయం విలువను ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచి, అదృశ్య సంకేతాలను వాటి సంకేతసంఖ్యలతో చూపుతుంది. పంక్తి ముగింపు గుర్తు కూడా బయటపడుతుంది. పైథాన్ 3.8 నుండి ఎఫ్-స్ట్రింగులో చరరాశి పేరు తరువాత సమాన చిహ్నం చేరిస్తే, పేరుతో పాటు రెప్ర్ రూపంలోని విలువ కూడా వస్తుంది.

రెప్ర్‌కు సైతం పరిమితి ఉన్నది. 'కై'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా గానీ, ఎత్వం, ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగా గానీ నిల్వ చేయవచ్చు. ఇవన్నీ ముద్రణయోగ్యాలే కనుక రెప్ర్ తేడా చూపదు. ప్రతి తెలుగు సంకేతాన్నీ సంఖ్యగా మార్చే ఆస్కీ ప్రమేయం చూపుతుంది.

సవరణ

ఐత్వ భేదాన్ని యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సి సాధారణీకరణ తొలగిస్తుంది. అదృశ్య సంకేతాన్ని అది తొలగించదు. అంచులలోని ఖాళీలను తీసివేసే స్ట్రిప్ కూడా తొలగించదు. దానిని పదాంతంలో మాత్రమే తీసివేయాలి. పదమధ్యంలో తీసివేస్తే 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల లిపిరూపం మారిపోతుంది.

ముగింపు

సవరణకు ముందూ తరువాతా విలువను, నిడివిని ముద్రించి పోల్చిన తరువాతే లెక్కింపు చేపట్టాలి. పాటించిన సవరణ నియమాన్ని పరిశోధన పద్ధతిలో పేర్కొంటే, ఇతరులు అదే పాఠ్యం నుండి అదే సంఖ్యను రాబట్టగలుగుతారు.